తుప్పు – అరుగుదల

రంపానికి సంస్కృతంలో క్రకచమనీ కరపత్రమనీ రెండు పేర్లున్నవి. అమరకోశం రెండింటినీ పక్కపక్కనే చెప్పినది. వీటిలో రెండవ మాట దేశభాషలలో వేరువేరు దారులు పట్టినది. హిందీ, మరాఠీలలో అది ‘కరవత్’ అయి రంపంగానే నిలిచినది. తెలుగులో కరపత్రమంటే ఇప్పుడు చేతికి పంచే అచ్చుకాగితం. రంపమన్న అర్థం నిఘంటువులకే పరిమితమైనది. వాడుకలో తెలుగువారు రంపాన్ని తలచేది తరచు బాధను చెప్పవలసి వచ్చినప్పుడే. తెరపిలేని మనోవేదనను రంపపుకోత అంటారు. కాశీలో ‘కరవత్’ పేరున ఒక గుడి ఉన్నది. పూర్వం మోక్షం కోరినవారు అక్కడ రంపం కింద దేహత్యాగం చేసేవారని లోకం చెప్పుకొంటుంది. మజ్ఝిమ నికాయంలోని కకచూపమ సుత్తంలో బుద్ధుడు, దొంగలు రెండు పిడుల రంపంతో అంగాంగం కోస్తున్నా సరే, మనసులో ద్వేషం పుట్టనీయరాదని భిక్షువులకు బోధించినాడు.

ఈ విధంగా ధర్మబోధలోనూ నానుడిలోనూ రంపం వినిపిస్తున్నది గాని, అది నిత్యం చేసే పనిని గురించి, ఆ పని చేయించే చేతిని గురించి సాహిత్యం పలికినది తక్కువ. ఈ విషయంలో గణితజ్ఞులే కొంత నయం. 628లో బ్రహ్మగుప్తుడు, 1150లో లీలావతి రచించిన భాస్కరాచార్యుడు క్రకచవ్యవహారమన్న పేర కోతపని లెక్కలకు ప్రత్యేకంగా చోటు ఇచ్చినారు. దుంగ పొడవెంత, మందమెంత, ఎన్ని కోతలు పడినవి, కోతవానికి ముట్టవలసినది ఎంత అన్నవి వారికి ఆలోచింపదగిన ప్రశ్నలుగా తోచినవి. రంపం వెనుక ఒక మనిషి ఉన్నాడనీ, అతని శ్రమకు లెక్క ఉన్నదనీ ఆ సూత్రాలు ఒప్పుకొన్నవి.

అటువంటి పనిముట్టు చుట్టూ గత కొన్ని దశాబ్దాలుగా ఇంగ్లండులోనూ అమెరికాలోనూ ఒక అభిరుచి అల్లుకొన్నది. వృత్తిచేత వడ్రంగులు కానివారు – ఉపాధ్యాయులు, గుమాస్తాలు, ఉద్యోగ విరమణ చేసినవారు – పాత సామానుల సంతలలోనూ, పొలాల వేలంపాటలలోనూ తుప్పుపట్టిన చేతిరంపాలను కొని తెచ్చుకొంటారు. ఇంటి వెనుక చిన్న పనిశాలలో, సెలవు దినాలలో, వాటిని విప్పి, శుభ్రపరచి, పదునుపెట్టి మళ్ళీ పనికి వచ్చేటట్లు చేస్తారు. చూడడానికి ఇది నిరపాయమైన కాలక్షేపం. అయితే దీని అడుగున ఒక నైతిక ప్రశ్న ఉన్నది. పాతదానిని బాగుచేయడమంటే ఏమిటి? ఎంతవరకు చేయవచ్చు? ఎక్కడ ఆగవలెను? బాగుచేసిన ఆ వస్తువు ఎవరి కోసం? రంపం చిన్న వస్తువు కనుక ఈ ప్రశ్నలు దానిలో స్పష్టంగా కనిపిస్తవి. గుడి గాని, గ్రంథం గాని, సంప్రదాయం గాని అయితే వాటి చుట్టూ పేరుకొన్న భక్తి, వివాదం ప్రశ్నను కప్పివేస్తవి.

ఈ పాత రంపాలకు రెండు పుట్టిళ్ళు ముఖ్యమైనవి. ఒకటి ఇంగ్లండులోని షెఫీల్డు. అక్కడ 1740 ప్రాంతాలలో బెంజమిన్ హంట్స్‌మన్ మట్టిమూసలో ఉక్కును కరగించి పోసే పద్ధతిని నెలకొల్పినాడు. రెండవది అమెరికాలోని ఫిలడెల్ఫియా. 1819లో ఇంగ్లండులో పుట్టిన హెన్రీ డిస్టన్ 1833లో అమెరికా చేరి, 1840లో ఆ నగరంలో రంపాల కార్ఖానా స్థాపించినాడు. తరువాత అది నగరపు అంచున టకోనీ అనే చోటికి తరలి, అక్కడ ఒక ఊరే వెలసినది. 1955లో ఆ సంస్థ కుటుంబం చేతిలోనుంచి జారిపోయినది. తెలుగు పాఠకునికి ఇక్కడ ఒక చిన్న బంధుత్వం కూడా ఉన్నది. మూసలో ఉక్కు తీసే విద్య హంట్స్‌మన్‌కు శతాబ్దాల ముందునుంచే దక్కనులో ఉన్నది. నేటి నిజామాబాదు ప్రాంతంలోని కోనసముద్రం ఆ ఉక్కుకు పేరుపడిన చోటు. ఆ లోహాన్నే ఐరోపావారు ‘ఊట్జ్’ అన్నారు. 1795లో జార్జి పియర్సన్ లండనులోని రాయల్ సొసైటీ ముందు దానిని పరీక్షించి వ్రాసినాడు. ఆ మాటకు మూలం దక్షిణభాషల ‘ఉక్కు’ అని పలువురు పండితుల అభిప్రాయం. షెఫీల్డు దక్కనునుంచి నేర్చినదని చెప్పడానికి లేదు. కాని ఆ విద్య విలువ ఏమిటో తెలుగునేలకు పరాయి సంగతి కాదు.

ఇక పనిలోకి వస్తే, మొదట రంపం పిడిని రేకునుండి విడదీస్తారు. ఇత్తడి మరలు శతాబ్దం నాటివైతే వాటి తల మీద ఒత్తిడి జాగ్రత్తగా వేయవలె, తొందరపడితే విరిగిపోతవి. ఆ మరల నడుమ తయారీదారు పేరున్న ఇత్తడిబిళ్ళ ఒకటి ఉంటుంది. దాని అక్షరాల తీరునుబట్టి రంపం వయస్సు చెప్పగలిగినవారున్నారు. తరువాత రేకు మీది తుప్పు. కొందరు దానిని నిమ్మ ఉప్పు కలిపిన నీళ్ళలో నానవేస్తారు. కొందరు పదునైన ఉక్కుబద్దతో గీకి, నూనె చుక్కలు వేస్తూ గరుకు కాగితంతో రుద్దుతారు. రెండవది నిదానమైన దారి. కాని నిదానం ఇక్కడ ఒక గుణం. ఏమి పోతున్నదో, ఏమి మిగులుతున్నదో ప్రతి రుద్దుకూ కంటికి తెలుస్తూ ఉంటుంది.

తుప్పు స్వభావం తెలిస్తే ఈ నిదానానికి కారణం తెలుస్తుంది. ఇనుము గాలిని, తేమను కలుపుకొని తన రూపం విడిచి పొడిగా రాలడం తుప్పు. ఎర్రగా, వదులుగా ఉండే ఆ పొర కింద ఉన్న లోహాన్ని కాపాడదు. తేమను లోపలికి పీల్చి ఇంకా తింటుంది. కాని ఏళ్ళ తరబడి చేతుల నూనె తగిలి, వాడుకలో నునుపెక్కిన రేకు మీద ముదురురంగు పొర ఒకటి ఏర్పడుతుంది. అది గట్టిగా అంటుకొని ఉంటుంది; లోహానికి హాని చేయదు. మొదటిది వ్యాధి, రెండవది వార్ధక్యం. అనుభవం లేనివాడు రెండింటినీ ఒకటే అనుకొని, యంత్రం పెట్టి అద్దంలాగా మెరిసేవరకు రుద్దుతాడు. ఆ మెరుపులో తుప్పుతో పాటు రేకు మీద తయారీదారు ఆమ్లంతో దించిన ముద్ర కూడా తుడిచిపెట్టుకుపోతుంది. ఆ ముద్ర లోతు వెంట్రుకవాసి. ఒకసారి పోతే దానిని ఎవరూ తిరిగి తేలేరు. వ్యాధిని తొలగించబోయి వార్ధక్యాన్ని కూడా తొలగించినవాడు చివరకు ఆ వస్తువు జ్ఞాపకాన్నే తొలగించినవాడవుతాడు.

పాత రంపాలలో మరొక చిత్రమైన భాగం ఉన్నది. రేకు వీపు మీద, కొసకు దగ్గరగా, చిన్న ముల్లు వంటి పొడుపు ఒకటి ఉంటుంది. అది దేనికి అన్న ప్రశ్నకు ఎన్నో ఊహలు పుట్టినవి. పళ్ళకు కప్పే చెక్కను దారంతో కట్టడానికని ఒకరు, కోత మొదలుపెట్టే చోట గీత గీయడానికని ఒకరు చెప్పినారు. డిస్టన్ సంస్థ మాత్రం తన చేతిపుస్తకంలో అది అలంకారమే గాని దానికి వేరే ప్రయోజనం లేదని తేల్చివేసినది. ఆ ముల్లు విరిగిపోయిన రంపం చేతికి వచ్చినప్పుడు బాగుచేసేవాడు ఏమి చేయవలె? రేకును కొంచెం తొలిచి కొత్త ముల్లును సృష్టించడం కష్టం కాదు. కాని అట్లా చేస్తే, వస్తువుకు జరిగిన ఒక నిజాన్ని చెరిపి, జరగని ఒక అబద్ధాన్ని చేర్చినట్లవుతుంది. నిలిచి ఉన్న ముల్లును, అది నిరుపయోగమైనా, అరగదీయకుండా కాపాడడం మర్యాద. విరిగినదానిని విరిగినట్లే ఉంచడం సత్యం. ఈ రెండు సూత్రాలు రంపం కన్న పెద్ద వస్తువులకు కూడా వర్తిస్తవి.

పిడి సంగతి వేరు. అది బీచ్ కర్రతోనో ఆపిల్ కొయ్యతోనో చేసినది. మంచి రంపాలకు దాని మీద గోధుమవెన్నులు చెక్కి ఉంటవి. మూడు వేళ్ళు పిడిలో ఇమిడి, చూపుడువేలు రేకువైపు చాచి ఉండేటట్లు దానిని మలచినారు. పాత పిడిని పట్టుకొన్నవానికి ఆ మలపులోని తెలివి మాటలతో పని లేకుండా అర్థమవుతుంది. దాని కొమ్ము విరిగి ఉంటే కొత్త కొయ్యముక్క అతికించడం న్యాయమే. ఏమంటే విరిగిన కొమ్ము అరచేతిని గీరి పనిని చెడగొడుతుంది. ముల్లుకు వర్తించని సూత్రం కొమ్ముకు వర్తించడానికి కారణం ఇదే: ఒకటి అలంకారం, రెండవది పని. అయితే ఆ అతుకును దాచడానికి రంగులు పులమడం అనవసరం. అవిసెనూనె పట్టించి వదిలిపెడితే కొత్త కొయ్య కూడా కాలక్రమాన తన వంతు నలుపు తాను తెచ్చుకొంటుంది.

అసలైన పని పళ్ళలో ఉన్నది. కొయ్య పేగు వెంట నిలువుగా కోసే రంపానికి పళ్ళు పెద్దవి. అంగుళానికి అయిదారు మించవు. అవి వరుసగా నిలబెట్టిన ఉలుల వలె పనిచేస్తవి. పేగుకు అడ్డంగా కోసే రంపానికి పళ్ళు చిన్నవి, అంగుళానికి ఎనిమిదినుంచి పన్నెండు. అవి కత్తిమొనల వలె పేగును తెంచుతవి. మొద్దుబారిన రంపానికి మొదట చదునైన ఆకురాయిని పళ్ళ మొనల మీద పొడుగునా లాగి అన్నింటినీ ఒకే మట్టానికి తేవాలి. ఎత్తైన పన్ను తగ్గుతుంది. పొట్టి పన్నుకోసం మిగిలినవన్నీ కొంత ఒదిగిరావాలి. తరువాత మూడంచుల ఆకురాయితో ప్రతి పన్నునూ తీర్చి, ఒకదానిని కుడికి, పక్కదానిని ఎడమకు కొద్దిగా వంచుతారు. ఆ వంపు వల్ల కోత రేకు కన్న వెడల్పై, రంపం కొయ్యలో బిగుసుకోకుండా నడుస్తుంది. ఆ పైన చివరిసారి పదును. అంగుళానికి ఎనిమిది పళ్ళున్న 26 అంగుళాల రంపంలో రెండు వందలకు పైగా పళ్ళుంటవి. ఒక్కొక్కదానికి ఒకే కోణం, ఒకే ఒత్తిడి, ఒకే లెక్క. మనసు ఒక్క నిమిషం పక్కకు పోతే ఆ సంగతి మరునాడు కోతలో బయటపడుతుంది.

ఇక్కడ తార్కికుడు ఒక ప్రశ్న వేయవచ్చు. పిడి మారినది, మరలు మారినవి, పళ్ళు మారినవి; అప్పుడు అది అదే రంపమా? గ్రీకులు థీసియస్ నౌకను గురించి ఈ ప్రశ్ననే వేసినారు. చెక్కలన్నీ ఒకటొకటిగా మార్చిన పిమ్మట ఆ నౌక పాతదా కొత్తదా అని వాదించుకొన్నారని ప్లూటార్కు చెప్పినాడు. భారతదేశంలో ఈ ప్రశ్నకు మరింత లోతైన రూపం మిలిందపఞ్హంలో కనిపిస్తుంది. భిక్షువు నాగసేనుడు మిలింద రాజును, రథమంటే ఇరుసా, చక్రాలా, కాడియా అని అడిగి, వీటిలో ఏదీ రథం కాదనీ, ఇవన్నీ కూడినప్పుడు వ్యవహారం కోసం పెట్టుకొన్న పేరే రథమనీ ఒప్పించినాడు. రంపానికి కూడా అదే సమాధానం చెప్పవచ్చు. కాని పనిశాలలో నిలబడినవానికి ఈ సమాధానంతో పని తీరదు. రథం పేరు మాత్రమే కావచ్చు. దాని మీద ఎక్కినవాడు ఊరు చేరినాడా లేదా అన్నది పేరు కాదు. అతని ముందున్న ప్రశ్న ‘ఇది అదేనా?’ అన్నది కాదు, ‘ఇది కోస్తుందా?’ అన్నది.

పాతదానిని ముట్టవచ్చునా అన్న వివాదం పెద్ద కట్టడాల విషయంలో ఏనాటినుంచో నడుస్తున్నది. 1849లో రస్కిన్ పునరుద్ధరణ అన్నది కట్టడానికి జరిగే వినాశాలలోకెల్ల పెద్దదన్న అభిప్రాయం ప్రకటించినాడు. విలియం మోరిస్ 1877లో ప్రాచీన కట్టడాల రక్షణకు ఒక సంఘాన్నే స్థాపించి, నిత్యం మరమ్మతు చేయండి గాని తిరిగి కట్టకండి అన్న మార్గాన్ని బోధించినాడు. 1964నాటి వెనిస్ ఒడంబడిక, ఊహ మొదలైన చోట పునరుద్ధరణ ఆగిపోవలెనని నిర్ణయించినది. భారతీయ శిల్పశాస్త్రం దృష్టి మరొక తీరుది. మయమతంలో జీర్ణాలయాలను బాగుచేసే విధికి ఒక అధ్యాయమే ఉన్నది. ఆలయం దేవుని నివాసం కనుక అది నివాసయోగ్యంగా ఉండడమే ప్రధానం. పాత రాయిని పాతదైనందుకే అంటిపెట్టుకోవడం ధర్మం కాదు. ఒక దృష్టి వస్తువు గతాన్ని కాపాడుతుంది; రెండవది వస్తువు పనిని కాపాడుతుంది. రంపాన్ని బాగుచేసేవాడు ఈ రెండింటి నడుమ నిలబడి ఉన్నాడు. రేకు మీది ముద్ర దగ్గర అతడు రస్కిన్ శిష్యుడు. పళ్ళ దగ్గర శిల్పశాస్త్రపు శిష్యుడు.

ఈ రెండింటినీ కలిపే సూత్రం రంపంలోనే ఉన్నది. ఇనుము రెండు విధాలుగా నశిస్తుంది. ఒకటి తుప్పు, రెండవది అరుగుదల. తుప్పు పట్టినా లోహం పోతుంది, ఆకురాయి పెట్టినా లోహం పోతుంది. పదునుపెట్టిన ప్రతిసారి రేకు వెడల్పు కొంత తగ్గక తప్పదు. ఒక వడ్రంగి జీవితకాలమంతా వాడిన రంపాన్ని చూస్తే, అది మొదట ఉన్న వెడల్పులో సగానికి వచ్చి, పిడి మాత్రం పెద్దదిగా, రేకు మాత్రం సన్నని పట్టీగా కనిపిస్తుంది. తూకం వేస్తే రెండు నష్టాలూ ఒకటే. కాని తుప్పుకు పోయిన లోహానికి బదులుగా ఈ లోకంలో ఏమీ మిగలలేదు. అరుగుదలకు పోయిన లోహానికి బదులుగా తలుపులున్నవి, ఉయ్యాలలున్నవి, నాగళ్ళున్నవి, ఒక ఇంటి పొయ్యి మీద ఉడికిన అన్నమున్నది. కనుక పనిముట్టును బాగుచేయడమంటే దానిని నాశంనుంచి తప్పించడం కాదు. అది ఎవరి శక్తికీ అందని సంగతి. ఒక నాశంనుంచి తప్పించి, దానికంటె గౌరవప్రదమైన మరొక నాశానికి దానిని అప్పగించడం మాత్రమే.

జైమిని భారతంలో మయూరధ్వజుని కథ ఉన్నది. పిల్లలమఱ్ఱి పినవీరభద్రుడు 15వ శతాబ్దిలో ఆ గ్రంథాన్ని తెలుగు చేసినాడు. బ్రాహ్మణవేషంలో వచ్చిన కృష్ణుడు, తన కుమారుని పట్టిన సింహానికి బదులుగా రాజు దేహంలో సగం కావలెనంటాడు. భార్యాపుత్రులు రంపం పట్టి రాజును కోస్తుండగా అతని ఎడమకంట నీరు కారుతుంది. ఏడుస్తూ ఇచ్చిన దానం తనకు వద్దని అతిథి లేచిపోబోతాడు. అప్పుడు రాజు, తాను నొప్పికి ఏడవడం లేదనీ, కుడిభాగానికి పరులకు ఉపయోగపడే భాగ్యం కలిగినది, తనకది లేకపోయెనని ఎడమభాగం దుఃఖిస్తున్నదనీ చెబుతాడు. కథ దానమహిమను చెప్పడానికి పుట్టినది. కాని దానిలో వస్తువులను గురించిన ఒక సత్యం కూడా ఉన్నది: తెగిపోవడం దుఃఖం కాదు, వృథాగా మిగిలిపోవడం దుఃఖం. అటక మీద తుప్పుపడుతున్న రంపం ఆ రాజు ఎడమకన్ను వంటిది.

ఈ సూత్రాన్ని ఒప్పుకొంటే, బాగుచేసిన రంపాన్ని గోడకు తగిలించి చూసుకొనేవాని సంగతి ఏమిటి? అతడు తుప్పును ఆపినాడు. అరుగుదలను కూడా ఆపినాడు. వస్తువు ఇక ఏ విధంగానూ నశించదు. ఏ విధంగానూ బ్రతకదు కూడా. 1943లో వెలువడిన ఒక గ్రంథంలో ఆనంద కుమారస్వామి కళాఖండాలను ప్రదర్శించడం ఎందుకన్న ప్రశ్ననే శీర్షికగా పెట్టి, వాడుకకోసం చేసిన వస్తువులను వాడుకనుంచి వేరుచేసి చూడడంలోని వైపరీత్యాన్ని విమర్శించినాడు. అయితే ఈ విమర్శను అతిగా సాగదీయరాదు. ఒక కాలపు పనితనానికి సాక్ష్యంగా కొన్ని రంపాలు ప్రదర్శనశాలలో ఉండడం అవసరమే. అవి అక్కడ చూపు ద్వారా పని నేర్పుతవి. ఆక్షేపణ అంతా నూరింటిని పోగుచేసి ఒక్కదానితోనైనా ఒక్క చెక్క కోయని మమకారం మీదనే.

దీనికంటె పదునైన ఆక్షేపణ మరొకటి ఉన్నది. అది కులవృత్తుల దేశమైన భారతదేశంనుంచే రావలె. సెలవురోజున పాత రంపాన్ని రుద్దుతూ శాంతిని పొందేవానికి, రంపంతోనే పొట్టపోసుకొన్న వడ్రంగికి ఏమి సంబంధం? వడ్రంగికి పదునుపెట్టడం ఒక సాధన కాదు. పని మొదలుపెట్టక ముందు తీరవలసిన పని. పూర్వపు భారతీయ వడ్రంగి నేల మీద కూర్చుండి, పాదాలతో కొయ్యను అదిమిపట్టి, తనవైపు లాగినప్పుడు కోసే రంపంతో పనిచేసేవాడు. అతని పనిముట్లు ఏడాదికొకసారి పూజలందుకొనేవి – తెలుగునాట మహర్నవమి నాడు ఆయుధపూజలో, ఉత్తరాదిన, వంగదేశంలో సాధారణంగా సెప్టెంబరు 17న విశ్వకర్మ పూజలో. ఆ ఒక్కరోజు వాటికి విశ్రాంతి, పసుపు కుంకుమలు. మిగిలిన రోజులన్నీ అరుగుదల. రంపం పూర్తిగా అరిగిపోతే ఆ రేకును ముక్కలు చేసి గీకే బద్దగానో చిన్న కత్తిగానో మలచుకొనేవారు. అటువంటి ఇంట ‘పునరుద్ధరణ’ అన్న మాటకు చోటులేదు. మరమ్మతు నిత్యం జరిగే చోట ఉద్ధరించవలసినంతగా ఏదీ పతనం కాదు. పునరుద్ధరణ అన్నది ఒక ప్రత్యేకమైన పనిగా, ఒక అభిరుచిగా తలెత్తినదంటే అక్కడ మరమ్మతు చచ్చిపోయినదని అర్థం.

అది చచ్చిపోవడానికి కారణం వ్యక్తుల సోమరితనం కాదు. నేడు బజారులో విరివిగా దొరికే చేతిరంపాలలో చాలవాటికి పళ్ళ మొనలను విద్యుత్తుతో క్షణకాలం వేడిచేసి గట్టిపరచి ఉంటారు. అవి కొత్తలో బాగా కోస్తవి. పదును చాలాకాలం నిలుస్తుంది. కాని ఆ మొనలు ఆకురాయికి లొంగవు. మొద్దుబారిననాడు పారవేయడం తప్ప గతి లేదు. ఇట్టి రంపం చవక. తొందరలో ఉన్నవానికి సౌకర్యం. దానిని కొన్నవానిని నిందించడం అన్యాయం. అయినా దానితోపాటు కంటికి కనిపించని ఒకటి ఇంటినుంచి వెళ్ళిపోతున్నది. పదునుపెట్టవలసిన రంపమే లేనప్పుడు పదునుపెట్టే విద్య ఎవరి చేతిలో మిగులుతుంది? తండ్రి ఆకురాయి పట్టగా పక్కన కూర్చుండి చూసే పిల్లవాడు ఇక ఏమి చూస్తాడు? వస్తువు పోతే మరొకటి చేసుకోవచ్చు. చేతిలో ఉన్న విద్య ఒక తరంలో ఆగిపోతే, పుస్తకాలలో ఎంత వ్రాసిపెట్టినా, తరువాతి తరం దానిని మొదటినుంచి తడుముకోవలసిందే.

పాలకులకూ ఈ స్పృహ కొంత కలిగినది. 2022 డిసెంబరులో భారత ప్రభుత్వం కొనుగోలుదారులకు మరమ్మతు హక్కును గురించి ఒక సమాచార వేదికను ప్రారంభించినది. 2023 సెప్టెంబరు 17న, విశ్వకర్మ పూజ నాడే, వడ్రంగులతో సహా 18 వృత్తులవారికోసం ఒక పథకాన్ని మొదలుపెట్టి, పనిముట్ల నిమిత్తం 15,000 రూపాయల వరకు సహాయం ప్రకటించినది. కొత్త పనిముట్టు అవసరమైనవానికి అది అందడం మంచిదే. కాని కొత్త పనిముట్టు ఇవ్వడం ఒకటి, పనిముట్టును పదేళ్ళు బ్రతికించుకొనే విద్యకు గౌరవం ఇవ్వడం మరొకటి. మొదటిదానికి ధనం చాలును. రెండవదానికి సమాజం తన చూపు మార్చుకోవలె. 1937లో వార్ధాలో గాంధీజీ ప్రతిపాదించిన బునియాదీ విద్య ఈ చూపుకోసమే. చేతిపని బడికి అలంకారం కాక, బడే చేతిపని చుట్టూ నడవవలెనని ఆయన కోరినాడు. దానిని దేశం నిలుపుకోలేకపోయినది. కులాన్నిబట్టి చేతిపనిని తక్కువచేసే అలవాటు బడి గడప దాటి లోపలికి కూడా వచ్చినది.

ఈ వెలుగులో చూస్తే ఇంటి పనిశాలలోని అభిరుచికి దాని స్థానం దొరుకుతుంది. అది వడ్రంగి శ్రమకు సాటి కాదు. సాటి అనుకొంటే అది ఆటలో రాజువేషం వంటిది. కాని తీరిక ఉన్నవాడు, ఆకలి తొందరపెట్టనివాడు, లాభం చూసుకోనక్కరలేనివాడు చేయగలిగిన సేవ ఒకటున్నది. బజారు వదలివేసిన విద్యను అతడు తన చేతిలో కొంతకాలం దాచి ఉంచగలడు. పదునుపెట్టలేని కాలంలో పదునుపెట్టడం ఎట్లాగో తెలిసిన నలుగురు మిగిలి ఉండడం చిన్న విషయం కాదు. అయితే దాచినదానిని తిరిగి ఇవ్వవలె. బాగుచేసిన రంపాన్ని పని నేర్చుకొనే కుర్రవాని చేతిలో పెట్టినవాడు, అడిగినవానికి ఆకురాయి పట్టడం చూపించినవాడు ఋణం తీర్చుకొన్నాడు. దానిని ఎక్కువ వెలకు అమ్మజూపడమో, గోడకు తగిలించి మురిసిపోవడమో చేసినవాడు తుప్పునుంచి వస్తువును విడిపించినాడే గాని, తుప్పు చేసిన పనినే మరొక విధంగా చేసినాడు.

ప్రతి రంపాన్నీ కాపాడవలెనన్న పట్టుదల కూడా మంచిది కాదు. పళ్ళవరుస దగ్గర తుప్పు లోతుగా గుంటలు పెట్టి ఉంటే అక్కడ కోసిన పళ్ళు నిలవక విరిగిపోతవి. రేకు మడతపడి వంగిపోతే దానిని సరిచేయడం మంచి పనివానికి కూడా కష్టం. అట్టి రంపాన్ని బలవంతాన నిలబెట్టడం దయ కాదు, చేసేవాని పంతం. దానిలో చెడిపోని భాగాన్ని కోసి గీకే బద్దలుగా మలచుకొంటే అది మరొక పేరుతో పనిచేస్తుంది. నాగసేనుడు చెప్పినట్లు పేరు వ్యవహారానికే గదా! ఏది బ్రతుకుతుందో తెలియడం ఎంత వివేకమో, దేనికి పేరు మార్చి పంపవలెనో తెలియడం కూడా అంతే వివేకం.

మనుష్యుల విషయంలో, భాషల విషయంలో, ఆచారాల విషయంలో కూడా ఈ రెండు నాశాల తేడాను మరచిపోవడం వల్లనే చాల పొరపాట్లు జరుగుతున్నవి. పాతదని తాకకుండా పెట్టెలో పెట్టిన సంప్రదాయం తుప్పుపడుతుంది. మెరుపుకోసం అతిగా రుద్దిన సంప్రదాయం తన ముద్రను పోగొట్టుకొంటుంది. రోజూ వాడి, మొద్దుబారినప్పుడు సహనంతో ఒక్కొక్క పన్నూ తీర్చుకొన్నది మాత్రమే అరుగుతూ కూడా తరువాతివారికి చేరుతుంది. అది చేరేనాటికి మొదటి వెడల్పు ఉండదు. కాని దానిని అందుకొన్న చేయి దానితో ఒక చెక్కను తిన్నగా కోయగలిగితే, పోయిన ఆ వెడల్పుకు లెక్క సరిపోయినట్లే.